ఆడా మగా అని అడిగేదెవరు?

భద్రాచలం బస్టాండులో కూనవరం బస్సెక్కి, సంచి కాళ్ళ దగ్గర పెట్టుకుని సర్దుకునే లోపే రాష్ట్రం మారిపోతుంది. 2014లో ఖమ్మం జిల్లా నుంచి ఏడు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపినప్పుడు పట్నం ఇటు మిగిలింది, దాన్ని ఆనుకుని ఉన్న పల్లెలు అటు పోయాయి. రాములవారి గుడి తెలంగాణలో ఉంది. ఆయన మాన్యం ఉన్న పురుషోత్తపట్నం ఆంధ్రలో ఉంది. ఇక్కడి జనానికి హద్దు అంటే ఏమిటో ఎవరూ నేర్పనక్కర్లేదు. వడ్లు అమ్మాలన్నా, ఇసుక తోలాలన్నా, పిల్లను హాస్టల్లో చేర్చాలన్నా ఏ రాష్ట్రం కాగితం కావాలో చూసుకునే ఇంట్లోంచి కదులుతారు.

ఈ హద్దు మీద బతికేవాళ్ళలో ఇంకో హద్దును కూడా ఒంటిమీద మోసుకు తిరిగేవాళ్ళున్నారు.

2023 డిసెంబరు 9న తెలంగాణ ప్రభుత్వం మహాలక్ష్మి పథకం మొదలుపెట్టింది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం ఎవరెవరికో చెప్పిన చోట మహిళలు, బాలికల పక్కనే ట్రాన్స్‌జెండర్ వ్యక్తులనూ చేర్చింది. 2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్ స్త్రీశక్తి పేరుతో అదే సౌకర్యం తెచ్చింది. అందులోనూ వాళ్ళున్నారు. రెండు ప్రభుత్వాలూ చేసిన మంచి పని ఇది, ఆ మాట మనస్ఫూర్తిగా ఒప్పుకోవాలి. కానీ ఉత్తర్వు సచివాలయంలో పుడుతుంది, అమలయ్యేది కండక్టరు చేతిలో. చీర కట్టుకున్న మనిషి ఆధార్ కార్డు తీసి ఇస్తుంది. అందులో పురుషుడు అని ఉంటుంది. పదో తరగతిలో దిగిన ఫొటో ఉంటుంది. కండక్టరు కార్డును చూసి, మనిషిని చూసి, మళ్ళీ కార్డును చూస్తాడు. అప్పటికి బస్సంతా ఇటే చూస్తుంటుంది. జీరో టికెట్టు దక్కించుకోవడానికి ఆమె కట్టే చార్జీ అది.

పింఛను సంగతి ఇంకా చిత్రంగా ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో ట్రాన్స్‌జెండర్లకు 2018లో నెలకు 1,500 రూపాయలతో పింఛను మొదలైంది. 2024 జూలై నుంచి అది 4,000. భద్రాచలం వైపున, తెలంగాణ ఆసరా పింఛన్ల జాబితాలో వృద్ధులు, వితంతువులు, చేనేత, కల్లుగీత కార్మికులు, బీడీ కార్మికులు, ఒంటరి మహిళలు అందరూ ఉన్నారు గానీ వీళ్ళు లేరు. వీళ్ళనూ చేర్చాలని 2023 జూలైలో హైకోర్టు చెప్పాల్సి వచ్చింది. ఆంధ్ర వైపు ఏటపాకలో ఇల్లున్నవాళ్ళకు ఒక బతుకు, కూతవేటు దూరంలో భద్రాచలంలో అద్దెకున్నవాళ్ళకు ఇంకో బతుకు. ఇద్దరి ఒళ్ళూ ఒకటే, ఇద్దరి కష్టమూ ఒకటే. చిరునామా వేరు.

ఆడ అంటే ఎవరు, మగ అంటే ఎవరు, ఈ రెండింట్లో ఇమడని మనిషిని ఏమని పిలవాలి అన్న వాదన ఇప్పుడు ప్రపంచమంతటా గట్టిగా నడుస్తోంది. శరీరమే తేలుస్తుందని కొందరు, మనసే తేలుస్తుందని కొందరు, గురువు తేలుస్తాడని కొందరు, దేవుడే తేల్చాడని కొందరు అంటారు. అందరి మాటా వినాల్సిందే. అయితే ఆ వాదన తేలేదాకా ఒక మనిషి బస్సు మెట్టు మీద నిలబడి ఉండాలనడం అన్యాయం. ఎవరికి, ఏ పని కోసం, ఎంతవరకు తెలియాలి అన్నది ముందు తేల్చుకోవాలి. ఈ కథనం దానికోసమే.

గోదావరికి అటూ ఇటూ

ఈ ప్రాంతానికి ఇలాంటి హద్దు కొత్త కాదు. భద్రాచలం, చర్ల, రేకపల్లి వైపు ఊళ్ళను నిజాం 1860 ఒప్పందంతో ఇంగ్లీషువాళ్ళకు ఇచ్చేశాడు. ఆ తరవాత అవి మద్రాసు ప్రెసిడెన్సీలో గోదావరి జిల్లాకు చేరాయి. ఇవతలి ఒడ్డున బూర్గంపాడు, పాల్వంచ, ఖమ్మంమెట్టు నిజాం ఏలుబడిలోనే ఉండిపోయాయి. ఒకే నది, ఒకే భాష, ఒడ్డుకో రాజ్యం.

1919లో, అంటే 1329 ఫసలీలో, నిజాం రాజ్యంలో ఒక చట్టం వచ్చింది. ఇంగ్లీషువాళ్ళు 1871లో ఉత్తరాదిలో తెచ్చిన క్రిమినల్ ట్రైబ్స్ చట్టం దారిలోనే నడిచిన చట్టమిది. హైదరాబాద్ నగరంలోనూ, ప్రభుత్వం పేర్కొన్న ఇతర చోట్లా ఉండే నపుంసకుల పేర్లు రిజిస్టరులో ఎక్కించాలన్నది అందులో మొదటి అంశం. పిల్లల్ని ఎత్తుకుపోతారనో, అంగచ్ఛేదం చేస్తారనో అనుమానం ఉంటే చాలు, పేరు ఎక్కించవచ్చు. పేరెక్కినవాళ్ళు ఆడవాళ్ళ బట్టలు కట్టుకుని, నగలు పెట్టుకుని వీధిలో కనిపించినా, నలుగురి ముందు ఆడినా పాడినా వారంటు లేకుండా పట్టుకోవచ్చు. రెండేళ్ళ దాకా జైలు. దొంగతనం చెయ్యనక్కర్లేదు, కొట్లాడనక్కర్లేదు. చీరే నేరం, గజ్జే నేరం.

అవతలి ఒడ్డున ఆ చట్టం లేదు. రిజిస్టరుకెక్కిన మనిషి బూర్గంపాడు వైపు రేవులో పడవెక్కి భద్రాచలంలో దిగితే కాగితం ప్రకారం నిజాం పోలీసు చెయ్యి దాటిపోయినట్టే. రాజ్యాలు పోయాయి, రజాకార్లు పోయారు, రెండు రాష్ట్రాలు కలిసి విడిపోయాయి. ఆ చట్టం మాత్రం ‘తెలంగాణ ప్రాంత చట్టం’ అనే పేరుతో పుస్తకాల్లో బతికే ఉంది. 2018లో వైజయంతి వసంత మొగిలి, ఇంకొందరు కలిసి దానిమీద ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. 2023 జూలై 6న ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఉజ్జల్ భూయాన్, జస్టిస్ సి.వి. భాస్కర్ రెడ్డిల ధర్మాసనం అది రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. ఆసరా పింఛను మాట చెప్పింది కూడా ఆ తీర్పులోనే. నూట నాలుగేళ్ళు పట్టింది. దేశమంతటికీ వర్తించేలా సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న నల్సా తీర్పు ఇచ్చి, తానెవరో చెప్పుకునే హక్కు ఆ మనిషిదేనని తేల్చిన తరవాత కూడా తొమ్మిదేళ్ళు ఈ చట్టం మన నెత్తిమీద ఉందంటే, దాన్ని తీసెయ్యాలన్న ఆలోచనే ఏలినవాళ్ళకు రాలేదన్నమాట. అది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

విరాటుడి కొలువు, పర్ణశాల దారి

ఖమ్మం నుంచి కూసుమంచి మీదుగానో ముదిగొండ మీదుగానో నేలకొండపల్లి వెళ్ళినవాళ్ళకు అక్కడి విరాటరాజు దిబ్బ తెలుసు. పురావస్తువాళ్ళు తవ్వితే బౌద్ధస్తూపం బయటపడింది. ఊరివాళ్ళకు మాత్రం అది విరాటుడి కొలువే. కీచకగుండం కూడా చూపిస్తారు. భక్త రామదాసు పుట్టిన ఊరు కూడా అదే.

విరాటుడి కొలువంటే బృహన్నల గుర్తుకు రావాలి కదా. గాండీవం జమ్మిచెట్టు మీద పెట్టి, గాజులు తొడుక్కుని, జడ వేసుకుని ఉత్తరకు ఆట నేర్పిన అర్జునుడు. కవిత్రయంలో తిక్కన భారతం అందుకున్నది విరాటపర్వంతోనే. అంటే తెలుగువాడు ఆ మహాకావ్యాన్ని చదువుకుంటూ వచ్చిన ఇన్ని వందల ఏళ్ళూ బృహన్నల మన ముందు నిలబడే ఉంది. ఆ కొలువులో ఆమెకు పని ఉంది, గౌరవం ఉంది, రాజకుమార్తెకు గురువు స్థానం ఉంది. మనవాళ్ళు కీచకగుండం చూపించినంత ఉత్సాహంగా బృహన్నల నాట్యశాల ఎక్కడో చూపించరు. చూపిస్తే బాగుండును.

ఇటు పర్ణశాల. భద్రాచలానికి ముప్ఫై అయిదు కిలోమీటర్లు. వనవాసంలో సీతారాములు ఉన్న చోటని స్థలపురాణం. హిజ్రాలు తరతరాలుగా చెప్పుకునే కథ ఒకటి ఈ వనవాసంతోనే ముడిపడి ఉంది. అడవికి పోతున్న రాముడి వెంట అయోధ్య కదిలింది. ఊరి చివర ఆయన ఆగి, మగవాళ్ళూ ఆడవాళ్ళూ అందరూ వెనక్కి వెళ్ళండని చెప్పాడు. మగవాళ్ళు వెళ్ళారు, ఆడవాళ్ళు వెళ్ళారు. ఆ రెండు మాటల్లో తమ పేరు లేనివాళ్ళు అక్కడే కూర్చుండిపోయారు. పద్నాలుగేళ్ళ తరవాత రాముడు తిరిగి వచ్చేసరికి వాళ్ళు అక్కడే ఉన్నారు. ఆయన కరిగిపోయి, మీ దీవెన ఫలిస్తుందని వరమిచ్చాడు. వాల్మీకంలో ఈ కథ లేదు. వాళ్ళ నోట ఉంది. పెళ్ళింట్లో, పురిటింట్లో వాళ్ళు చప్పట్లు కొట్టి దీవిస్తే మనం చేతులు జోడించేది ఈ నమ్మకంతోనే. పేర్లు పెట్టేవాళ్ళు మర్చిపోయిన మనుషుల గురించి ఇంత బరువైన కథ ఇంకొకటి నాకు తెలియదు. నవమికి మిథిలా స్టేడియంలో కల్యాణం చూడ్డానికి లక్షల మంది వచ్చే ఊళ్ళో, ఆ కథ చెప్పుకునేవాళ్ళకు అద్దె ఇల్లు దొరకని పరిస్థితి ఉందంటే అది రాముడి ఊరికి తగిన పని కాదు.

అదే శ్రీరామనవమి నాడు వేములవాడలో ఇంకో తంతు నడుస్తుంది. సీతారాముల కల్యాణం జరిగే వేళకే దేవుడికి అంకితమైన శివసత్తులు, జోగినులు, ఇంకా హిజ్రాలు త్రిశూలాలు పట్టుకుని అక్కడి శివుడు రాజన్నను పెళ్ళాడతారు. తలంబ్రాలు తమ తలమీద తామే పోసుకుంటారు. మేడారం జాతరలో సమ్మక్క గద్దెకు వచ్చే దారిలోనూ శివసత్తుల పూనకాలు చూస్తాం. వాళ్ళలో ఆడవాళ్ళుంటారు, మగపుట్టుక పుట్టి చీరకట్టినవాళ్ళుంటారు. వాళ్ళను పట్టుకుని నువ్వు ఆడా మగా అంటే ఆ ప్రశ్నే వాళ్ళకు అతకదు. అమ్మవారు పట్టింది, అంతే. ఎవరిని పట్టాలో అమ్మవారి ఇష్టం.

లోపలి పేర్లు

బయటివాళ్ళం మనం అందర్నీ ఒక గాటన కట్టేస్తాం. కాజీపేట నుంచి విజయవాడ పోయే రైల్లో డోర్నకల్, ఖమ్మం, మధిర మధ్య చప్పట్లు కొడుతూ వచ్చేవాళ్ళందరూ మనకు ఒకటే. వాళ్ళ లోపల మాత్రం పేర్లు చాలా ఉన్నాయి. ఒక్కో పేరుకీ ఒక్కో కట్టుబాటు ఉంది.

మానవశాస్త్రవేత్త గాయత్రి రెడ్డి హైదరాబాద్, సికింద్రాబాద్ హిజ్రాల మధ్య తిరిగి రాసిన పుస్తకం 2005లో వచ్చింది. ఆడతీరు గల మగపుట్టుకవాళ్ళందర్నీ కలిపి పిలిచే ‘కోతి’ అనే పెద్ద చుట్టరికం కింద హిజ్రాలు, జనానాలు, చీర కట్టకుండా ప్యాంటూ చొక్కాల్లోనే బతికేవాళ్ళు, శివసత్తులు, జోగినులు ఎలా వేరువేరుగా ఉంటారో, ఒకరినొకరు ఎలా కొలుచుకుంటారో ఆమె వివరంగా చూపించారు. ఆ కొలతకు ఆమె పట్టుకున్న మాట ఇజ్జత్, అంటే గౌరవం. ఎవరు అసలు, ఎవరు కాదు అన్నది వాళ్ళలో శరీరం ఒక్కదానితో తేలదు. గురువు ఎవరు, ఏ ఘరానా (వంశం), నిర్వాణం (అంగచ్ఛేదం) అయిందా లేదా, బధాయికి (ఇళ్ళకు వెళ్ళి దీవించే పనికి) పోతారా లేక రోడ్డున నిలబడతారా అన్నవన్నీ కలిసి తేలుస్తాయి. గురువే తల్లి. గురువుకు గురువు నాని. చేలా, అంటే శిష్యురాలు, సంపాదించినదాంట్లో గురువుకు వాటా ఉంటుంది. చేలా జబ్బుపడితే, చనిపోతే చూసుకోవాల్సిన బాధ్యతా గురువుదే.

నకిలీ హిజ్రాలను పట్టుకుని చితకబాదారన్న వార్త జిల్లా పేజీల్లో అప్పుడప్పుడూ వస్తుంది. చదివి నవ్వుకుని వదిలేస్తాం. అది నవ్వుకునే విషయం కాదు. వాళ్ళ లెక్కలో చీర కట్టుకున్నంత మాత్రాన హిజ్రా అయిపోరు. గురువు పేరు చెప్పలేనివాళ్ళు తమ ఇలాకాలో అడుక్కుంటే తమ తిండీ పోతుంది, పేరూ పోతుంది. మరోపక్క ఇంట్లోంచి తరిమేసిన పద్దెనిమిదేళ్ళ పిల్లకు ఇంకా గురువు దొరకలేదు. ఆమె ఏం తినాలి? ఆ తన్నులు తిన్నవాళ్ళలో అలాంటివాళ్ళూ ఉంటారు. ఒకరి పేరును కాపాడుకోవడం కోసం ఇంకొకరి ఒళ్ళు హూనం చెయ్యడం ఏ కట్టుబాటూ కాదని గట్టిగా చెప్పాలి. గృహప్రవేశాల దగ్గర వేలకు వేలు ఇవ్వందే కదలమని మొండికేసి, శాపనార్థాలు పెట్టి జనాన్ని భయపెట్టేవాళ్ళున్న మాటా నిజమే. దాన్నీ దాచిపెట్టనక్కర్లేదు. దౌర్జన్యం ఎవరు చేసినా దౌర్జన్యమే. దానికి చట్టం ఉంది. ఒకరు చేసినదానికి మొత్తం జాతిని రిజిస్టరుకెక్కించడం 1919నాటి బుద్ధి.

చదువుకున్న కొత్తతరం ఇంకో మాట అంటోంది. నేను హిజ్రాను కాను, ట్రాన్స్ మహిళను. నాకు గురువు వద్దు, ఉద్యోగం కావాలి. చప్పట్లు వద్దు, ఆఫీసులో బాత్రూము కావాలి. పాతవాళ్ళకు ఇది తిరస్కారంగా వినిపిస్తుంది. ఇల్లు వెళ్ళగొట్టినప్పుడు అన్నం పెట్టిన గడపను తక్కువ చేస్తున్నారని నొచ్చుకుంటారు. ఇద్దరి మాటలోనూ నిజముంది. మధ్యలో ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమాలు తెచ్చిన ఇంగ్లీషు పొడి అక్షరాలు వచ్చాయి. కండోములు పంచడానికి, రక్తపరీక్షలు లెక్కపెట్టడానికి పుట్టిన పేర్లవి. వాటిని ఎవరూ ఇంట్లో అమ్మకు చెప్పుకోలేరు. 2019లో పార్లమెంటు చేసిన చట్టంలోనేమో కిన్నర్, హిజ్రా, అరవాణి, జోగ్తా అని నాలుగు సంప్రదాయాల పేర్లు రాశారు. మన శివసత్తు ఆ జాబితాలో లేదు.

ఇంకో వర్గం అసలు ఎవరి కంటికీ ఆనదు. ఆడపిల్లగా పుట్టి తాను మగవాణ్ణని తెలుసుకున్నవాళ్ళు. మన ఊళ్ళల్లో చెట్లెక్కే, సైకిలు తొక్కే, అన్న చొక్కా తొడుక్కునే పిల్లను మగరాయుడు అంటారు. ఆ మాటలో కోపం ఉండదు, సగం ముచ్చటే. అదే మగపిల్లాడు ఓణీ చుట్టుకుంటే ఆడంగి. అందులో ముచ్చట లేదు, ఉమ్మి ఉంది. ఆడతనం తక్కువదన్న నమ్మకం మనలో ఎంత లోతున ఉందో ఈ రెండు పిలుపుల మధ్య దూరమే చెబుతుంది. అయితే మగరాయుడి ముచ్చట పెద్దమనిషయ్యేదాకానే. ఆ తరవాత సంబంధాలు చూస్తారు. ఇల్లు దాటిన ఆడంగికి హిజ్రాల గడప ఒకటైనా ఉంది. మగరాయుడికి గురువు లేడు, ఘరానా లేదు, దీవించే పని లేదు. తాళి కట్టించుకుని నోరు మూసుకోవడం, లేకపోతే ఊరు విడిచి హైదరాబాదో బెంగళూరో పారిపోవడం. ఎక్కువమందికి ఈ రెండే దారులు.

ఖమ్మం డాక్టరమ్మ

ఈ ప్రాంతం నుంచి వెళ్ళి ఈ కథ మొత్తాన్ని తన బతుకులో చూసినావిడ డాక్టర్ రూత్ జాన్‌పాల్ కొయ్యల. ఊరు ఖమ్మం. హైదరాబాద్‌లో మల్లారెడ్డి వైద్య కళాశాలలో చదివి 2018లో ఎంబీబీఎస్ పూర్తిచేశారు. ఆ తరవాత ఇరవై దాకా ఆసుపత్రులు ఉద్యోగం ఇవ్వలేదని ఆవిడే చెప్పారు. ఆదిలాబాద్ రిమ్స్‌లో చదివిన డాక్టర్ ప్రాచి రాథోడ్‌కు ఉద్యోగం దొరికింది గానీ, ట్రాన్స్‌జెండర్ అన్న సంగతి తెలిశాక రోగులు రావడం మానేస్తారని చెప్పి ఒక ఆసుపత్రి తీసేసింది. 2022 నవంబరు చివర్లో ఇద్దరూ ఉస్మానియా ఆసుపత్రిలో మెడికల్ ఆఫీసర్లుగా చేరారు. తెలంగాణలో ప్రభుత్వ సర్వీసులో చేరిన మొదటి ట్రాన్స్‌జెండర్ డాక్టర్లు వాళ్ళే. ఉస్మానియాకు వచ్చే రోగి డాక్టరు ఆడా మగా అని చూడడు. నొప్పి తగ్గిస్తారా లేదా అన్నదే చూస్తాడు. రోగులు రారన్న భయం రోగులది కాదు, ఉద్యోగం ఇవ్వాల్సినవాళ్ళది.

2023లో ఆవిడకు సనత్‌నగర్ ఈఎస్ఐ వైద్య కళాశాలలో ఎమర్జెన్సీ మెడిసిన్ పీజీ సీటు వచ్చింది. ఫీజు రెండున్నర లక్షలు. తోటి డాక్టర్లు, ఉస్మానియా సిబ్బంది, సాయం చేసేవాళ్ళు చందాలేసుకుని కట్టారు. ఆ చందా గురించి చదివినప్పుడు మనుషుల మీద నాకు చాలా నమ్మకం కలిగింది. ఇంతా చేసి, పీజీ సీట్లలో ట్రాన్స్‌జెండర్లకు కోటా కోసం ఆవిడ హైకోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది.

కోటా దగ్గర పేర్ల చిక్కు ఎంత పదునుగా ఉంటుందో చూడండి. నల్సా తీర్పు ట్రాన్స్‌జెండర్లను సామాజికంగా, విద్యాపరంగా వెనకబడిన తరగతిగా చూడమంది. వినడానికి బాగుంది. చింతూరు వైపు కోయ గూడెంలో పుట్టిన ట్రాన్స్ పిల్లకో, మధిర మాదిగవాడలో పుట్టిన పిల్లకో దానివల్ల ఏమవుతుంది? ఒక పేరు తీసుకుంటే ఇంకో పేరు వదులుకోవాలి. ఎస్టీగా ఉండాలా, ట్రాన్స్‌జెండర్‌గా ఉండాలా ఎంచుకోమన్నట్టవుతుంది. ఆమె ఆ రెండూ. అందుకే దళిత, ఆదివాసీ ట్రాన్స్‌జెండర్లు సమాంతర రిజర్వేషన్ అడుగుతున్నారు. అంటే ఎస్సీలో ఎస్సీ ట్రాన్స్‌జెండర్‌కు, ఎస్టీలో ఎస్టీ ట్రాన్స్‌జెండర్‌కు, జనరల్లో జనరల్‌కు చోటు. మహిళలకు, వికలాంగులకు ఇప్పటికే అలా ఇస్తున్నాం. కర్ణాటక 2021లో ఒక శాతం ఇలాగే ఇచ్చింది. గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ ఉన్న భద్రాచలం లాంటి చోట ఈ తేడా అక్షరాలా అన్నం మెతుకుల తేడా.

లండన్, అమరావతి

2025 ఏప్రిల్ 16న బ్రిటన్ సుప్రీంకోర్టులో అయిదుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవంగా ఒక తీర్పు చెప్పారు. అక్కడి 2010 సమానత్వ చట్టంలో స్త్రీ అంటే పుట్టుకతో, శరీరంతో స్త్రీ అయిన మనిషే అని. ట్రాన్స్ వ్యక్తుల మీద వివక్ష చూపితే వేరే రక్షణ ఉందనీ అదే తీర్పులో చెప్పారు. రెండు నెలలు గడిచాయి. జూన్‌లో అమరావతిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ వెంకట జ్యోతిర్మయి ప్రతాప ఇంకో తీర్పు ఇచ్చారు. మగవాణ్ణి పెళ్ళాడిన ట్రాన్స్ మహిళ స్త్రీయే, అత్తింటి వేధింపుల మీద ఐపీసీ సెక్షన్ 498ఏ కింద ఫిర్యాదు చేసే హక్కు ఆమెకు ఉంది, పిల్లల్ని కనలేదు కాబట్టి స్త్రీ కాదనడం చెల్లదు అని. ఆ కేసులో ఆరోపణలకు తగిన ఆధారం లేదని కేసును కొట్టేశారు, అది వేరే సంగతి. హక్కు మాత్రం నిలబడింది.

లండన్ తీర్పు కోసం కొట్లాడినవాళ్ళూ ఆడవాళ్ళే. వాళ్ళ వాదనను ద్వేషం అని కొట్టిపారెయ్యడం నాకిష్టం లేదు. ఆడపిల్లను కడుపులోనే చంపుతున్నది స్కానింగులో కనబడే శరీరాన్ని చూసే. ముట్టు, కాన్పు, గర్భసంచి ఆపరేషన్లు, పొలంలో చాటు లేక పడే అవస్థ, ఇవన్నీ ఈ శరీరంతో వచ్చినవే. ఆ శరీరానికి పేరు లేకుండా చేస్తే ఈ కష్టానికీ పేరు లేకుండా పోతుందని వాళ్ళ భయం. ఆ భయానికి అర్థముంది. జైలు గది, ఆడవాళ్ళ వార్డు, పరుగు పందెం లాంటి చోట్ల జాగ్రత్తగా, విడివిడిగా ఆలోచించాల్సిందే.

కానీ ఒక చట్టం ఎందుకు పుట్టిందో చూసి అందులోని మాటకు అర్థం చెప్పుకోవాలి. 498ఏ పుట్టింది అత్తింట్లో హింసపడే భార్య కోసం. కట్నం కోసం కొట్టేవాడు గర్భసంచి ఉందో లేదో చూసి కొట్టడు. అందుకే అమరావతి తీర్పు నాకు న్యాయంగా కనిపిస్తుంది. క్రీడల్లో అంత తేలిగ్గా చెప్పలేను. హైదరాబాద్‌లో శిక్షణ తీసుకున్న ఒడిశా అమ్మాయి ద్యుతీ చంద్‌ను 2014లో టెస్టోస్టెరాన్ ఎక్కువ ఉందని పక్కనపెట్టారు. 2015లో క్రీడా న్యాయస్థానం ఆ నిబంధనను నిలిపేసింది. 2025 సెప్టెంబరు నుంచి ప్రపంచ అథ్లెటిక్స్ సంస్థ ఆడవాళ్ళ పోటీలకు జన్యుపరీక్ష తప్పనిసరి చేసింది. ద్యుతీ ఎప్పుడూ మగవాడిగా బతకలేదు, పుట్టినప్పటినుంచీ ఆడపిల్లే. పందెంలో న్యాయం చూడాలి, నిజమే. పరీక్ష ఫలితాన్ని టీవీలో పెట్టి ఒక ఆడపిల్ల మానం తియ్యడం ఏ న్యాయం?

అసలు శరీరం గురించి తెలియాల్సినవాడు ఒకడున్నాడు. డాక్టరు. ఏ హార్మోన్లు వాడుతున్నారు, ఏ ఆపరేషన్ అయింది, పుట్టుకతో ఏ అవయవాలున్నాయి అన్నది దాచకుండా చెప్పాలి. దాస్తే ప్రాణానికే ముప్పు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి 2022 నుంచి అమల్లోకి తెచ్చిన కొత్త రోగాల పట్టికలో, పుట్టిన శరీరానికీ తానెవరన్న ఎరుకకూ పొసగకపోవడాన్ని మానసిక వ్యాధుల అధ్యాయం నుంచి తీసేసింది. అయినా డాక్టరు దగ్గరికి వెళ్ళడానికే భయపడే పరిస్థితి ఉంది. 2022 ఫిబ్రవరిలో నెల్లూరులో జరిగింది గుర్తుందా? ఒక లాడ్జి గదిలో ఇద్దరు బీఫార్మసీ విద్యార్థులు లింగమార్పిడి ఆపరేషన్ చేశారు. రక్తం పోయి ఒక నిండు ప్రాణం పోయింది. ఆ తరవాత ఆ ఆగస్టులో కేంద్రం ఆయుష్మాన్ భారత్ కింద ట్రాన్స్‌జెండర్లకు అయిదు లక్షల దాకా వైద్యం ఇస్తామని ఒప్పందం చేసుకుంది. దానికీ ట్రాన్స్‌జెండర్ గుర్తింపు సర్టిఫికెట్టు కావాలి. సర్టిఫికెట్టుకు జాతీయ పోర్టల్లో దరఖాస్తు చెయ్యాలి. పర్ణశాల అవతల దుమ్ముగూడెం గూడేల్లో సిగ్నలు కోసం గుట్టెక్కేవాళ్ళకు పోర్టల్ అన్న మాట ఎంత దూరమో వేరే చెప్పాలా?

రెండు రకాల లక్షణాలతో పుట్టే పసిబిడ్డల సంగతీ ఇక్కడే చెప్పాలి. పురిటిగదిలో ఆడా మగా అని అడగ్గానే నర్సు తడబడే క్షణం అది. ఏదో ఒకటి చేసెయ్యండి డాక్టరుగారూ అని తండ్రి బతిమాలతాడు. 2019 ఏప్రిల్లో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ జి.ఆర్. స్వామినాథన్ అలాంటి పసివాళ్ళకు ప్రాణాపాయం ఉంటే తప్ప ఆపరేషన్ చెయ్యొద్దని, పెరిగి తన మాట తాను చెప్పుకునేదాకా ఆగాలని అన్నారు. తమిళనాడు ప్రభుత్వం ఆ మేరకు ఉత్తర్వు ఇచ్చింది. తెలుగు రాష్ట్రాలు రెండూ ఆ పని చెయ్యాలి.

కండక్టరుకు, రేషను డీలరుకు, ఇంటి ఓనరుకు, కాలేజీ గుమాస్తాకు ఇదేదీ తెలియనక్కర్లేదు. వాళ్ళకు కావాల్సింది పేరు, చిరునామా, అద్దె, మార్కులు. తెలుగులో ఏకవచనం మాట్లాడితే వచ్చాడా, వచ్చిందా అని తేల్చక తప్పదు. మర్యాదగా మాట్లాడితే ఆ చిక్కే లేదు. వచ్చారా, కూర్చోండి, మీ పేరేమిటండీ. కౌంటరు దగ్గర ఆ మాత్రం మాట చాలు.

2027 జనాభా లెక్కలకు ఎన్యూమరేటరు మన గుమ్మంలోకి వస్తారు. 2011లో మొదటిసారి ఆడ, మగ పక్కన ‘ఇతరులు’ అన్న అంకె పెట్టారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43,769 మంది అలా నమోదయ్యారు. దేశమంతటా 4,87,803. అందులో ఆరేళ్ళలోపు పిల్లలే దాదాపు 55 వేలమంది. ఆ పిల్లల తరఫున రాయించింది అమ్మానాన్నలే. పెద్దవాళ్ళ దగ్గరా అదే జరిగింది. ఎన్యూమరేటరు అడిగింది ఇంటిపెద్దను, జవాబు చెప్పింది ఇంటిపెద్ద. ఇంట్లోంచి వెళ్ళగొట్టిన బిడ్డ పేరు ఆయన చెప్పడు. వెనక గదిలో ఉన్న మగరాయుణ్ణి ఆడ అని రాయించేస్తాడు. డోర్నకల్ దగ్గర రేకుల షెడ్డులో ఆరుగురు కలిసి ఉండే గడపను ఇల్లుగా లెక్కేస్తారో వెయ్యరో. ఈసారైనా ఎన్యూమరేటర్లకు ఇచ్చే శిక్షణలో ఒక్క మాట చేర్చాలని ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం కలెక్టర్లను అడుగుతున్నాను. పద్దెనిమిదేళ్ళు నిండిన మనిషి ఇంట్లో ఉంటే లింగం గడిలో ఏం రాయాలో ఆ మనిషినే పిలిచి, పక్కకు తీసుకెళ్ళి అడగమనండి. ఘరానాల గురువులను ముందే కలిసి ఏ షెడ్డులో ఎందరున్నారో రాసుకోమనండి. ఆ అంకె సరిగా పడితేనే పింఛనుకు బడ్జెట్టు పడుతుంది.